ఓర్చినమ్మకు తేట నీరు



ఈ వారం మనం మాట్లాడుకోబోయేది చూడడానికి చిన్న సంగతే. కానీ చాలా ఇళ్ళల్లో పొద్దున్నే మనసు పాడు చేస్తున్న సంగతి. స్నానాల గది పక్కన గోడకు ఆనించి ఒక కాటా ఉంటుంది. దాని మీద నిలబడి అంకె చూసుకుంటాం. నిన్నటికన్నా తగ్గితే ఆ పూటంతా పాటలు. తగ్గకపోతే పిల్లల మీద విసుగు, పనిమనిషి మీద విసుగు, చివరికి మన మీద మనకే విసుగు. "ఏందక్కా, అన్నం తగ్గించిన, నడుస్తున్న, పావు కిలో గూడ తగ్గలే. నా ఒళ్ళే గంత" అని మొన్న మా పక్కింటావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మీలో ఎంతమంది ఈ మాట అనుకుని ఉంటారో!

నేను డాక్టర్ని కాను. పదో తరగతి చదివి, పెళ్ళయి నల్లగొండ వచ్చి, ఇల్లు దిద్దుకుంటూ, అప్పుడప్పుడు రేడియోలో మాట్లాడుతున్న ఇల్లాలిని. కానీ ఈ విషయంలో నేను నేర్చుకున్న పాఠం ఊరికే నేర్చుకున్నది కాదు. అందుకని ముందు మా వదినె కథ చెప్తాను.

మా వదినెది మహబూబ్‌నగర్. కొన్నేళ్ళ క్రితం మాఘమాసంలో వాళ్ళ అమ్మాయి పెళ్ళి కుదిరింది. ముహూర్తానికి రెండు నెలలుంది. "ఫొటోలల్ల లావుగా కనపడొద్దు. పది కిలోలు తగ్గాలె" అని పట్టు పట్టింది. పొద్దున టీ మాత్రమే, మధ్యాహ్నం ఒక రొట్టె, రాత్రి కాసిన్ని మజ్జిగ. మొదటి పది రోజుల్లో మూడు కిలోలు తగ్గింది. ఇల్లంతా సంబరం. ఆ తరువాత రెండు వారాలు కాటా ముల్లు కదలలేదు. కదలకపోతే ఏం చేయాలి? ఆ ఒక్క రొట్టె కూడా మానేసింది. షుగర్ మాత్ర మాత్రం మానలేదు. ఒకనాటి సాయంత్రం వంటింట్లో ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, పొయ్యి పక్కనే కూలబడింది. తెలివి ఉంది కాబట్టి కొడుకు చక్కెర నీళ్ళు తాగించి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆ రోజు పొయ్యి మీద నూనె కాగుతున్నదని తలచుకుంటే నాకిప్పటికీ గుండె దడ పుడుతుంది.

పెళ్ళి అయింది. మూడు నెలలు తిరిగేసరికి తగ్గిన మూడు కిలోలూ వచ్చినయి, వాటికి తోడు ఇంకో రెండు వచ్చినయి. "ఇగ నాతోని కాదు" అని వదినె కాటాను అటక మీద పడేసింది.

తప్పు ఎక్కడుంది? వదినె దగ్గర పట్టుదల తక్కువా? కాదు. కాటా చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో ఆమెకు తెలియదు. నాకూ అప్పుడు తెలియదు.

కాటా దేన్ని తూస్తుంది?

ఇవాళ ఒక పని చేసి చూడండి. కాటా మీద నిలబడి అంకె చూసుకోండి. దిగి, ఒక లీటరు సీసా నీళ్ళు చేతిలో పట్టుకుని మళ్ళీ ఎక్కండి. సుమారు ఒక కిలో పెరుగుతారు. ఆ నీళ్ళు చేతిలో ఉన్నా, కడుపులో ఉన్నా కాటాకు ఒకటే. దానికి కొవ్వేదో, నీరేదో, నిన్న రాత్రి తిన్న అన్నమేదో తెలియదు. పొద్దుటికీ రాత్రికీ మనిషి బరువు కిలో దాకా తేడా రావడం మామూలు.

ఈ సంగతి కనిపెట్టిన వాళ్ళు ఇవాళ్టివాళ్ళు కారు. ఇటలీలో సంటోరియో అనే వైద్యుడు ఒక పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, సుమారు ముప్పై ఏళ్ళపాటు తన బరువునూ, తిన్న తిండినీ, బయటికి పోయినదాన్నీ తూచుకున్నాడట. 1614లో దాని మీద పుస్తకం కూడా వేశాడు. తిన్నదానిలో చాలా భాగం కంటికి కనపడని చెమటగా, ఆవిరిగా పోతున్నదని ఆయన లెక్క. అంత ఓపికగా తూచుకున్నవాడికి కూడా బరువు రోజూ ఒకచోట నిలవలేదన్నమాట!

మరి మొదటి వారంలో గబగబా తగ్గేదేమిటి? మనం తిన్న అన్నం, రొట్టెలలోని పిండిపదార్థంలో కొంత భాగాన్ని కాలేయమూ, కండరాలూ నిలవ చేసుకుంటాయి. దాన్ని గ్లైకోజెన్ అంటారు. రేపటి పొయ్యికి ఇవాళే పోగుచేసిన కట్టెలలాంటిది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ముందు ఈ నిలవ ఖర్చవుతుంది. దాంతోపాటు నీరూ పోతుంది. అందుకే మొదటి వారం కిలో, రెండు కిలోలు ఇట్టే దిగుతాయి. అది చూసి "వారానికి రెండు కిలోలైతే నెలకు ఎనిమిది" అని లెక్కలు వేసుకుంటాం. ఆ లెక్కే మనల్ని ముంచేది. ఎందుకంటే రెండో వారం నుంచి తగ్గవలసింది అసలైన కొవ్వు. అది అంత తొందరగా కరగదు.

ఇదే మాట తిరగేసి కూడా చెప్పుకోవచ్చు. దసరాకు రెండు రోజులు కడుపునిండా తిని, కాటా ఎక్కితే కిలోన్నర పెరిగిందనుకోండి. అది కిలోన్నర కొవ్వు కాదు. ఆ కట్టెలూ, వాటి నీరూ తిరిగి వచ్చాయి. పచ్చడి, తొక్కు, అప్పడం ఎక్కువ తింటే ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. నెలసరికి ముందు నాలుగైదు రోజులు చాలామంది ఆడవాళ్ళకు ఒంట్లో నీరు చేరి అర కిలో, కిలో పెరుగుతుంది. విరేచనం సాఫీగా కాకపోయినా అంతే. కొత్తగా నడక మొదలుపెట్టి కాళ్ళు నొప్పులు పుట్టిన వారం కూడా కండరాల్లో నీరు చేరుతుంది. పాపం, ఆ వారమే మనం ఎక్కువ కష్టపడి ఉంటాం. కాటా మాత్రం ఆ వారమే మొండికేస్తుంది!

కొవ్వు లెక్క

ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి దాగి ఉంటుంది. ఇప్పుడు మన వంటింటి లెక్క చూద్దాం. ఒక చిన్న చెంచా చక్కెర అంటే 5 గ్రాములు, 20 కేలరీలు. రోజుకు నాలుగు టీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాలు వేసుకునేవాళ్ళు అది మానేస్తే 160 కేలరీలు తగ్గుతాయి. కూరలో, పోపులో మన వంతుకు వచ్చే నూనె రెండు చిన్న చెంచాలు తగ్గిస్తే ఇంకో 90. మొత్తం 250. రోజుకు 250 చొప్పున 7,700 పూర్తి కావాలంటే సుమారు 31 రోజులు పడుతుంది. అంటే ఆకలితో మాడకుండా, నెలకు ఒక కిలో. వారానికి పావు కిలో. ఒక లీటరు నీళ్ళు అటూ ఇటూ అయ్యే ఒంట్లో ఈ పావు కిలో తగ్గిందో లేదో వారం వారం కాటాలో కనపడుతుందా? కనపడదు. కనపడనంత మాత్రాన తగ్గలేదని కాదు.

మా ఊరి చెరువు గుర్తుకొస్తుంది నాకు. ఎండాకాలంలో చెరువు దిగుతూ ఉంటుంది. కానీ గాలి ఇటు వీస్తే నీళ్ళు కట్ట దాకా వచ్చినట్టుంటాయి, అటు వీస్తే దూరం పోయినట్టుంటాయి. మా తాత అల చూసి చెరువు లోతు చెప్పేవాడు కాదు. కట్టకు పేర్చిన రాళ్ళలో ఎన్ని బయటపడ్డాయో నెలకోసారి చూసి, "ఇంకో రెండు తడులకు సరిపోతయి" అనేవాడు. రోజువారీ కాటా అంకె అల. నెలవారీ అంకె కట్టరాయి.

నా నోటుబుక్కు

నాకు నలభై నాలుగో ఏట రక్తపరీక్ష చేయిస్తే డాక్టరమ్మ, "షుగర్ ఇంకా రాలేదు. గుమ్మం దాకా వచ్చింది" అన్నారు. మా అమ్మ ఆ జబ్బుతోనే కాలి వేలు పోగొట్టుకుంది. కట్టు కట్టిన ఆ కాలు నేను మూడు నెలలు కడిగాను. అందుకని నాకు ఇది అందం గొడవ కాదు. ఉగాది మరునాడు కాటా ఎక్కితే 76 కిలోలు. ఒక రూళ్ళ నోటుబుక్కు తీసి, ప్రతి సోమవారం పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, ఏమీ తాగకముందు, అదే నైటీతో తూచుకుని రాయడం మొదలుపెట్టాను.

మొదటి నెల నాలుగు వారాలు ఇవి: 74.5, 74.2, 74.6, 74.0. రెండో నెల: 73.8, 73.8, 74.1, 73.2. మూడో నెల: 73.4, 72.9, 73.3, 72.4. చూశారా? ఈ పన్నెండు వారాల్లో నాలుగుసార్లు పెరిగింది, ఒకసారి కదలలేదు. అంటే ఐదు సోమవారాలు ఏడవవలసిన సోమవారాలే. కానీ నాలుగేసి వారాలు కలిపి సగటు తీస్తే 74.3, 73.7, 73.0. ఒక్క నెల కూడా పెరగలేదు!

మా అబ్బాయి ఈ సగటు లెక్క చూపించిన రోజున నాకు వదినె గుర్తొచ్చింది. ఆమె వదిలేసింది సరిగ్గా ముల్లు నిలబడిన మూడో వారంలోనే.

ఏడాది తిరిగి మళ్ళీ ఉగాది వచ్చేసరికి నేను 69 కిలోలు. ఏడాదికి ఏడు కిలోలు. బతుకమ్మ తొమ్మిది రోజుల సద్దులూ, దసరా విందూ అయ్యాక కిలో పైన పెరిగాను. సంక్రాంతి సకినాలకు అర కిలో. మూడు వారాల్లో మళ్ళీ దిగాయి. ఏడు కిలోలేనా అని మీరనవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ పుస్తకాలు చూస్తే ఇది తక్కువేమీ కాదు.

ఎందుకు నెమ్మదిస్తుంది?

ఇంట్లో ఆరుగురు ఉన్నప్పుడు కిలో బియ్యం వండేవాళ్ళం. ఇద్దరు ఆడపిల్లలు అత్తవారిళ్ళకు పోతే అంత అక్కరలేదు. ఒళ్ళు కూడా అంతే. 76 కిలోల మనిషిని మోయడానికి కావలసినంత శక్తి 69 కిలోల మనిషికి అక్కరలేదు. కాబట్టి మొదట్లో లోటుగా ఉన్న తిండే కొన్నాళ్ళకు సరిపాటు తిండి అవుతుంది. దానికితోడు, తిండి తగ్గిందని తెలియగానే ఒళ్ళు పొదుపు చేస్తుంది. కరువు రోజుల్లో గింజలు దాచిన ఇల్లాలిలాగా ఖర్చు తగ్గించుకుంటుంది. ఇది ఒంటి దుర్మార్గం కాదు. తరతరాల కరువులను దాటించిన తెలివి. పాలమూరు వాళ్ళకు కరువు సంగతి ఒకరు చెప్పాలా?

అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ 2011లో ఈ లెక్క గట్టి చూపించారు. రోజూ కొంత తిండి తగ్గించి అలాగే ఉంటే, చివరికి తగ్గవలసిన బరువులో సగం తగ్గడానికే సుమారు ఏడాది పడుతుందట. దాదాపు మొత్తం తగ్గడానికి మూడేళ్ళు. ఆ లెక్కన 250 కేలరీలు తగ్గించిన మనిషికి ఏడాదిలో సుమారు ఐదు కిలోలు. పన్నెండు నెలలకు పన్నెండు కిలోలన్న మన వంటింటి లెక్క మొదట్లోనే పనికొస్తుంది, పోను పోను పనికిరాదు.

అట్లా అని ఇంకా మాడితే? 1944, 45 సంవత్సరాల్లో, రెండో ప్రపంచ యుద్ధం చివర, అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది యువకులకు, వాళ్ళ ఇష్టంతోనే, ఆరు నెలలపాటు సుమారు సగం తిండి పెట్టి చూశాడు. బరువులో నాలుగో వంతు తగ్గారు. కానీ కాళ్ళకు నీరు పట్టింది, చలి ఎక్కువైంది, దిగులు పట్టుకుంది. పగలూ రాత్రీ తిండి మీదే ధ్యాస. మళ్ళీ తిండి దొరికాక ఎంత తిన్నా తృప్తి తీరలేదు. చాలామందికి మొదటికన్నా కొవ్వే ఎక్కువ పెరిగింది. మా వదినెకు పెళ్ళి తరువాత జరిగింది అదే. అది ఆమె బలహీనత కాదు. ఆకలికి ఒళ్ళు చెప్పిన జవాబు.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గురించి మీలో కొందరు వినే ఉంటారు. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. వారానికి అర కిలో తగ్గడం క్షేమమనీ, బరువు తగ్గించే తిండి రోజుకు వెయ్యి కేలరీలకు తక్కువ కాకూడదనీ వాళ్ళ సలహా. నెలకు పది కిలోలంటూ ఫోనులో కనపడే ప్రకటనలకూ, డబ్బాల్లో అమ్మే పొడులకూ ఇదే జవాబు. ఈమధ్య వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. అవి డాక్టరు పరీక్ష చేసి రాసివ్వవలసిన మందులు. వాటితోనూ బరువు నెలల మీదే తగ్గుతుంది.

జొన్నరొట్టె మంత్రమా?

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అమ్మమ్మలు జొన్నగటక, జొన్నరొట్టె తిన్నారు, సన్నగా ఉన్నారు అని అంటుంటారు. నిజమే. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లో కూడా తెల్లన్నం రోజువారీ తిండి అయింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టలేం. కానీ ఇవాళ జొన్నకు మారితే చాలు, బరువు దానంతటదే దిగుతుందనుకోవడం పొరపాటు. పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో చూస్తే 100 గ్రాముల జొన్నల్లో 334 కేలరీలు, బియ్యంలో 356. పెద్ద తేడా లేదు. తేడా పీచులో ఉంది. జొన్నల్లో 10 గ్రాములు, బియ్యంలో 3 గ్రాములకు లోపే. పీచు వల్ల కడుపు నిండినట్టుండి ఆకలి ఆలస్యంగా వేస్తుంది. కాబట్టి రెండు రొట్టెలు, ఆకుకూర పప్పు తింటే మేలు. నాలుగు రొట్టెలు తిని, పైన ఒక ముద్ద అన్నమూ తింటే ఆ మేలు పోయినట్టే.

ఇంకో మాట. మన అమ్మమ్మలు తిరగలి విసిరారు, రోట్లో దంచారు, బావిలో నీళ్ళు చేదారు, కలుపు తీశారు. పాలమూరు ఆడవాళ్ళు దేశమంతా తిరిగి తట్టలతో మన్ను మోశారు. మనకు మిక్సీ, గ్యాసు, నల్లా వచ్చాయి. చాకిరి తగ్గినందుకు సంతోషించాలి. కానీ తిండి మాత్రం ఆ చాకిరికి తగ్గట్టే వండుతున్నాం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి సుమారు 30 మంది ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారని తేలింది. కాబట్టి "నేనొక్కదాన్నే ఇట్ల" అని సిగ్గుపడవలసిన పని లేదు.

ఇల్లాళ్ళకు మాత్రమే వచ్చే ఒక చిక్కు కూడా ఉంది. పిల్లల కంచంలో మిగిలిన ముద్ద, గిన్నె అడుగున మిగిలిన రెండు గరిటెలు, "పారబోస్తే పాపం" అని మన కడుపులో వేసుకుంటాం. అన్నం పరబ్రహ్మమే, కాదనను. కానీ మన కడుపు కుడితి గోలెం కాదు గదా! మిగిలేటట్టు వండకపోవడమే అసలు పుణ్యం. నేను బియ్యం కొలిచే డబ్బాలో ఒక గిద్దె తగ్గించాను. నా నోటుబుక్కులో కనపడ్డ తగ్గుదలకు సగం కారణం అదేనని నా నమ్మకం.

కాటాకు కనపడని లాభాలు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం షుగరు గుమ్మంలో ఉన్న 531 మందిని సుమారు మూడేళ్ళు గమనించి 2006లో ఫలితం ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసిన వాళ్ళలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. నడక, తిండిలో జాగ్రత్త శ్రద్ధగా పాటించిన వాళ్ళలో నూటికి 39 మందికే వచ్చింది. విచిత్రమేమిటంటే, వాళ్ళ బరువు చెప్పుకోదగినంత తగ్గనేలేదు! అంటే కాటా కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉందన్నమాట. ముల్లు కదలలేదని నడక మానేసిన వాళ్ళు పోగొట్టుకునేది ఈ మేలునే.

అందుకని కాటాతో పాటు ఇంకో నాలుగు సాక్షులను పెట్టుకోండి. ఒకటి, కుట్టుమిషను టేపు. నెలకోసారి నడుము చుట్టూ కొలవండి. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. నాది 98 ఉండేది, ఏడాదికి 90 అయింది. కాటా నిలబడిపోయిన నెలల్లో కూడా టేపు ఒక సెంటీమీటరో, అరో దిగుతూ వచ్చింది. రెండు, పాత జాకెట్టు. దాని హుక్కు అబద్ధం చెప్పదు. మూడు, మెట్లు. నాలుగు, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, బీపీ. మా డాక్టరమ్మ నా రెండో పరీక్ష చూసి, "గుమ్మం నుంచి వాకిట్లోకి వెళ్ళగొట్టారు" అన్నారు. నా ఎత్తుకు నేనింకా ఎక్కువ బరువే. అయినా ఆ మాటకు నాకు పది కిలోలు దిగినంత తేలికైంది.

ఓపిక అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. నెలవారీ సగటు రెండు మూడు నెలలు వరుసగా కదలకపోతే, అప్పుడు చూసుకోవాలి. నూనె చేయి జారుతున్నదా? మధ్యాహ్నం టీవీ ముందు పల్లీలు ఎక్కువైనాయా? నడక వారానికి ఐదు రోజులు అరగంట అవుతున్నదా? మన నల్లగొండలో పాత ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళకు నడుము, మోకాళ్ళు పట్టేసి ఉంటాయి. వాళ్ళు ఇంకొకరితో పోటీపడి నడవకూడదు. కుర్చీలో కూర్చుని చేసే కసరత్తు డాక్టరును అడిగి నేర్చుకోండి. అన్నీ సరిగ్గా ఉన్నా కదలకపోతే, అలసట, మలబద్ధకం, నెలసరి తేడాలు ఉంటే, థైరాయిడు పరీక్ష చేయించండి. కొన్ని మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. అంతమాత్రాన వాటిని మీ అంతట మీరు మానకండి. డాక్టరుకు చెప్పండి. షుగరు మాత్రలు వేసుకునే వాళ్ళు అడగకుండా ఒంటిపూటలు, ఉపవాసాలు పెట్టుకోకండి. మా వదినె సంగతి మరిచిపోకండి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు దానంతటదే పడిపోతే మాత్రం సంతోషించకండి. షుగరు అదుపు తప్పినా, క్షయ ఉన్నా, థైరాయిడు ఎక్కువైనా అలా జరుగుతుంది. వెంటనే చూపించుకోవాలి.

తేరుకునే నీళ్ళు

1970లలో నాగపూరు శాస్త్రజ్ఞులు ఫ్లోరైడు నీళ్ళను బాగుచేసే ఒక పద్ధతి రూపొందించారు. దానికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అన్నారు. నీళ్ళలో పటిక, సున్నం కలిపి, తిప్పి, కదలకుండా ఉంచాలి. మడ్డి అడుగుకు దిగాక పైనున్న తేట తీసుకోవాలి. మధ్యలో "తేరుకుందా, లేదా" అని చెయ్యి పెట్టి కలిపితే మళ్ళీ మొదటికే. రోజుకు మూడుసార్లు కాటా ఎక్కడం అట్లాంటిదే. మనం చేయవలసింది చేశాం, పటిక వేశాం, తిప్పాం. ఇంక దాని పని దాన్ని చేయనివ్వాలి.

మా వదినె సంగతి చెప్పి ముగిస్తాను. నా నోటుబుక్కు చూసి ఆమె అటక మీది కాటా దింపింది. ఈసారి డాక్టరును అడిగి, మూడు పూటలా తింటూ, సోమవారానికొకసారే తూచుకుంటూ. పద్నాలుగు నెలల్లో తగ్గింది ఐదు కిలోలే. కానీ షుగరు మాత్ర మోతాదు డాక్టరే తగ్గించారు. మొన్న కార్తీకంలో కురుమూర్తి జాతరకు ఇద్దరం కలిసి పోయాం. అంతకుముందు ఆమె గుట్ట కింద కూర్చుని పైకి దండం పెట్టుకునేది. ఈసారి రెండుచోట్ల ఆగి, కొంగుతో చెమట తుడుచుకుని, పైదాకా ఎక్కింది. పైన గాలికి నిలబడి, "ఎంత తగ్గితివి వదినా?" అని అడిగితే నవ్వి, "తూచుకోలే. సోమవారం గాదు గదా!" అన్నది.

ఓర్చినమ్మకు తేట నీరు అని మన పెద్దలు ఊరికే అనలేదు. మీరూ రేపు ఒక నోటుబుక్కు తీయండి. మొదటి పేజీలో తేదీ వేసి, ఒక్క అంకె రాయండి. మూడు నెలల దాకా ఆ అంకెను చూసి మీ మీద మీరు కోపం తెచ్చుకోమని మాత్రం ఒట్టు పెట్టుకోండి.

సెలవు.